లోపం ఎక్కడ? : ఎర్ర దీపం వెలగని సూచిక

ఈ శీర్షికన మేము ఇంతవరకు బేరింగులు వేడెక్కుట, కన్వేయరు బెల్టు పక్కకు జరుగుట, మోటారు వైండింగులలో తేమ చేరుట మొదలైన విషయాలను ప్రస్తావించాము. అవన్నీ చేతితో తాకి, చెవితో విని, వాసన పట్టి తెలుసుకోదగిన లోపాలు. ఈసారి తాకుటకు వీలులేని ఒక లోపాన్ని గురించి పాఠకులతో ముచ్చటించదలచాము. ఒక వెబ్‌సైటు తలభాగంలో ఉండే సూచిక, అనగా మెనూ, ఒకనాడు తన రూపం మార్చుకొన్నది. దానిని సరిచేయుటకు మాకు మూడు సాయంత్రాలు పట్టింది. తుదకు తేలిన లోపం ఒకే ఒక్క అక్షరం. అక్షరమని కూడా అనరాదు, ఒక చిన్న గీత. ఆ గీతను తప్పుగా వేసినవారము కూడా మేమే.

బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగువారి ఉనికి కొత్తది కాదు. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఏర్పడిన పిమ్మట ఆ సంస్థ మార్గాల వెంట ఉద్యోగార్థులై ఉత్తరాంధ్ర నుండి అనేక కుటుంబాలు తరలివచ్చాయి. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తి కావడంతో రాకపోకలు మరింత సుగమమయ్యాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ పట్టణమే కేంద్రస్థానమైంది. బుధవారీ బజారులో కాసేపు నిలబడి వింటే హిందీ, ఛత్తీస్‌గఢీ మాటల నడుమ శ్రీకాకుళం యాస చెవిని పడక మానదు. ఆ కుటుంబాలలో పెద్దలకు తెలుగు చదువ వచ్చును గాని కంప్యూటరుతో పరిచయం తక్కువ. పిల్లలకు కంప్యూటరు కరతలామలకం గాని తెలుగు చదువగలవారు కొందరే. ఈ ఇరువురికీ ఉపయోగపడాలన్న తలంపుతో స్థానిక తెలుగు సంఘమొకటి కొన్నేళ్ళ క్రితం ఒక వెబ్‌సైటును నెలకొల్పింది. ప్రతి ప్రకటనా ముందు తెలుగులో, దాని కింద హిందీలో ఉంటుంది. సాంకేతిక బాధ్యతను చూచుకొమ్మని కార్యదర్శి గారు కోరినప్పుడు, ఇంజనీరన్న పేరు ఉన్నందుకు మేము కాదనలేకపోయాము.

ఆ వెబ్‌సైటు వర్డ్‌ప్రెస్ అను సాఫ్ట్‌వేరుపై నడుస్తుంది. 2003 మే 27న మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అను ఇరువురు దీనిని తొలిసారి విడుదల చేశారు. మొదట దినచర్య వంటి సొంత రచనలను, అనగా బ్లాగులను, ప్రచురించుటకు ఉద్దేశించిన ఈ సాఫ్ట్‌వేరును నేడు సంఘాలు, పాఠశాలలు, పత్రికలు, దుకాణాలు కూడా వాడుతున్నాయి. ఇందులో విషయం వేరు, రూపం వేరు. మనం వ్రాసినదంతా డేటాబేసులో భద్రపడి ఉంటుంది. అది తెరపై ఎట్లు కనబడాలో నిర్ణయించే ఫైళ్ళ సముదాయాన్ని థీము అంటారు. థీములోని టెంప్లేటు ఫైళ్ళు పోతపనిలోని అచ్చుల వంటివి. తలభాగానికి హెడర్ ఫైలు, అడుగుభాగానికి ఫుటర్ ఫైలు ఉంటాయి. థీముకు కావలసిన ఇతర ఏర్పాట్లు ఫంక్షన్స్ ఫైలులో ఉంటాయి. ఇవన్నీ పిహెచ్‌పి అను భాషలో వ్రాయబడినవి.

మా సూచికలో ఆరు అంశాలు ఉండేవి: మా సంఘం, గ్రంథాలయం, పండుగలు, పింఛనుదారులకు, ఫోటోలు, చిరునామా. వీటిలో ఎక్కువ మంది తెరచి చూచునది నాలుగవది. పింఛను పొందువారు ఏటా నవంబరు మాసంలో తాము జీవించి ఉన్నట్లు ధ్రువపత్రం సమర్పించవలెనని పాఠకులకు తెలిసినదే. గడువులోగా అది అందకపోతే, అందే వరకు పింఛను నిలిచిపోతుంది. 2014 నవంబరు 10న ప్రారంభమైన జీవన్ ప్రమాణ్ పద్ధతి వలన ఆధార్ సంఖ్య, వేలిముద్రల సహాయంతో ఈ పనిని బ్యాంకుకు వెళ్ళకుండానే పూర్తి చేయవచ్చును. అందుకై మా సంఘం ఏటా ఒకరోజు తన హాలులో శిబిరం నిర్వహిస్తుంది. ఆ తేదీని వెబ్‌సైటులో ప్రకటిస్తుంది.

ఆ సంవత్సరం శిబిరం నవంబరు 10న జరిగింది. నవంబరు 19వ తేదీ ఉదయం గ్రంథాలయం తలుపు తీయుటకు మేము వెళ్ళేసరికి, హాలు మెట్లపై డెబ్బై ఏళ్ళు దాటిన ఒక వృద్ధురాలు కూర్చుని ఉన్నారు. ఒడిలో ప్లాస్టిక్ సంచి, అందులో పింఛను కాగితాలు, బ్యాంకు పుస్తకం, ఆధార్ కార్డు.

“బాబూ, ఇంకా ఎవరూ రాలేదేటి? శిబిరం ఎన్ని గంటలకి మొదలెడతారు?” అని అడిగారు.

“శిబిరం అయిపోయి తొమ్మిది రోజులైంది కదమ్మా. మీకు పదో తారీకని ఎవరూ చెప్పలేదా?” అన్నాము.

“మా మనవడు ఫోనులో చూసి పంతొమ్మిదని చెప్పాడు నాయనా. సంఘం వాళ్ళు రాసిందే కదా, తప్పెందుకుంటాదని వచ్చేశాను.”

మేము అక్కడే ఫోను తెరచి చూచాము. ఆమె మనవడు చదివినది తప్పు కాదు. వెబ్‌సైటు సూచికలో “జీవన ప్రమాణ శిబిరం” అను అంశమొకటి స్పష్టంగా కనబడుతోంది. దానిని నొక్కితే నవంబరు 19న శిబిరమని, ఉదయం 9 గంటలకు రావలెనని ఉన్నది. అది గత సంవత్సరపు ప్రకటన. తేదీ ఉంది, నెల ఉంది, సంవత్సరం మాత్రం లేదు. ఆ పేజీని ఏడాది క్రితమే సూచిక నుండి తొలగించాము. మేము తొలగించినది సూచికలోకి తిరిగి ఎట్లు వచ్చింది?

ముందుగా ఆమె పని పూర్తి కావలెను. సంఘ సభ్యుడొకరిని పిలిపించాము. ఆయన తన ఫోనులో ముఖ గుర్తింపు పద్ధతి ద్వారా ఆమె ధ్రువపత్రాన్ని అరగంటలో పంపించారు. ఆ పద్ధతి 2021 నుండి అందుబాటులో ఉంది. ఆమె సంతోషంగానే ఇంటికి వెళ్ళారు గాని మాకు మనశ్శాంతి లేకపోయింది. తాళం చూచి వెనుదిరిగిన వారు ఇంకెందరున్నారో మాకు తెలియదు. గడువు పదకొండు రోజులే ఉంది. కార్యదర్శి గారు సభ్యుల పట్టికను ముందు పెట్టుకొని ఒక్కొక్కరికీ ఫోను చేయుటకు పూనుకొన్నారు. మేము ఆ సాయంత్రం కంప్యూటరు ముందు కూర్చున్నాము.

మొదటి సాయంత్రం మేము చేసినదంతా, ఈ శీర్షికలో పదేపదే చేయవద్దని చెప్పినదే. లక్షణాలను పూర్తిగా చూడకముందే కారణాన్ని ఊహించాము. బ్రౌజరు పాత పేజీని దాచుకొని చూపుతున్నదనుకొని దాని జ్ఞాపకాన్ని తుడిచివేశాము. సూచిక మారలేదు. సూచికే చెడిపోయిందనుకొని దానికి ఒక అంశాన్ని చేర్చి, మరొకదానిని తీసివేసి భద్రపరచాము. సూచిక మారలేదు. అదనంగా అమర్చిన ప్లగిన్‌లపై అనుమానపడి రెండింటిని ఒకేసారి నిలిపివేశాము. అప్పుడు ఫోటోల పేజీ కనబడక పోయింది గాని సూచిక మాత్రం అట్లే ఉన్నది. రాత్రి పది గంటలకు మా ముందు ఒక లోపం బదులు రెండు లోపాలున్నాయి. యంత్రశాలలో శిక్షణ పొందు కుర్రవాడు ఈ విధంగా చేసియుంటే మేము మందలించియుండేవారము.

రెండవ సాయంత్రం చేసిన మార్పులన్నింటిని వెనుకకు తీసుకొని, ఒక తెల్లకాగితం తీసి కనబడుతున్నదానిని కనబడుతున్నట్లు వ్రాసుకొన్నాము. అప్పుడు మూడు విషయాలు స్పష్టమయ్యాయి.

మొదటిది, సూచికలో ఆరు అంశాల బదులు పద్నాలుగు ఉన్నాయి. ఆ పద్నాలుగూ మేము ఎప్పుడో ఒకప్పుడు వ్రాసి ప్రచురించిన పేజీలే. రెండవది, వాటి వరుస. అన్నదానం, గ్రంథాలయం, చిరునామా, జీవన ప్రమాణ శిబిరం, పండుగలు, పింఛనుదారులకు అని అకారాది క్రమంలో ఉన్నాయి. మనుషులెవరూ సూచికను నిఘంటువు వలె అమర్చరు. మూడవది, వీటన్నింటికి ముందు ఆంగ్లంలో “శాంపిల్ పేజ్” అని ఒకటి ఉంది. వర్డ్‌ప్రెస్‌ను నెలకొల్పిన నాడు తనంతట తానుగా ఏర్పడే నమూనా పేజీ అది. దానిని మేము తొలగించనూ లేదు, సూచికలో చేర్చనూ లేదు.

ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. కనబడుతున్నది మేము అమర్చిన సూచిక చెడిపోయిన రూపం కాదు. అది అసలు మేము అమర్చిన సూచికే కాదు. మరేదో దాని స్థానంలో వచ్చి నిలిచింది. ఇంతవరకు మేము మంచం మీద లేని రోగికి మందు వేస్తున్నాము.

దీనిని రూఢి చేసుకొనుటకు పేజీ మూలాన్ని తెరచి చూచాము. బ్రౌజరులో కుడి మీట నొక్కి మూలం చూపుమని కోరితే, తెర వెనుక ఉన్న వ్రాత అంతా కనబడుతుంది. మనం అమర్చిన సూచిక నుండి వచ్చిన ప్రతి అంశానికి “మెనూ ఐటెమ్” అను గుర్తు ఉంటుంది. పేజీల జాబితా నుండి వచ్చిన అంశానికి “పేజ్ ఐటెమ్” అను గుర్తు ఉంటుంది. మా తెరపై ఉన్న పద్నాలుగింటికీ “పేజ్ ఐటెమ్” అనియే ఉన్నది. సందేహం తీరింది. ఈ ఒక్క పరీక్షకు పట్టిన కాలం ఒక నిమిషం. మొదటి సాయంత్రమే చేసియుంటే ఒక రోజు మిగిలేది.

ఇక్కడ ఈ సూచిక పనిచేయు విధానాన్ని కొంత వివరించవలసి ఉన్నది. 2010 జూన్ 17న వెలువడిన వర్డ్‌ప్రెస్ 3.0 సంచికకు ముందు, సాధారణ థీములు ప్రచురించిన పేజీలన్నింటినీ వరుసగా తలభాగంలో చూపేవి. తనకు నచ్చిన అంశాలను తనకు నచ్చిన వరుసలో అమర్చుకొను సౌకర్యం 3.0తో వచ్చింది. దానికి మూడు చోట్ల మూడు పనులు జరగవలెను. ఫంక్షన్స్ ఫైలులో “రిజిస్టర్ నావ్ మెనూస్” అను ఆదేశం ద్వారా థీములో ఒక స్థానానికి పేరు నమోదు చేయాలి. నిర్వహణ తెరలో ఒక సూచికను తయారు చేసి ఆ స్థానానికి జతపరచాలి. హెడర్ ఫైలులో “డబ్ల్యుపి నావ్ మెనూ” అను ఆదేశం ద్వారా అదే స్థానాన్ని పేరుపెట్టి పిలవాలి. మొదటి చోట నమోదు చేసిన పేరు, మూడవ చోట పిలిచిన పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటి కావలెను.

రైల్వే పట్టణంలో ఉన్నవారికి దీనిని చెప్పుట తేలిక. పార్సిలుపై బి.ఎస్.పి. అని వ్రాస్తే అది బిలాస్‌పూర్ జంక్షనుకు చేరుతుంది. ఒక అక్షరం మారితే చేరదు. పార్సిలు మంచిదే, బండి మంచిదే, స్టేషనూ ఉన్నచోటనే ఉంది. చీటీపై వ్రాసిన సంకేతం మాత్రమే తప్పు.

మూడవ సాయంత్రం రెండు ఫైళ్ళను పక్కపక్కన తెరచాము. ఫంక్షన్స్ ఫైలులో స్థానం పేరు ఆంగ్లంలో “మెయిన్”, పిమ్మట అండర్‌స్కోరు, పిమ్మట “మెనూ” అని ఉంది. హెడర్ ఫైలులో “మెయిన్”, పిమ్మట హైఫను, పిమ్మట “మెనూ” అని ఉంది. ఒకచోట గీత అడుగున, మరొకచోట గీత నడుమ. మన కంటికి రెండూ ఒకటే. కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు ఊళ్ళు.

ఆ గీత ఎట్లు మారింది? అక్టోబరు చివరలో థీముకు కొత్త సంచిక వచ్చిందని నిర్వహణ తెర తెలియజేయగా మేమే మీట నొక్కాము. కొత్త సంచిక వచ్చినప్పుడు థీము పాత ఫైళ్ళ స్థానంలో కొత్త ఫైళ్ళు వస్తాయి. వెబ్‌సైటును మొదట తయారు చేసిన యువకుడు తన మార్పులను థీము సొంత ఫైళ్ళలోనే వ్రాసియుండుట వలన అవి తుడిచిపెట్టుకొని పోయాయి. అదృష్టవశాత్తు ఆ వరుసలను అచ్చు తీసి దస్త్రంలో ఉంచాడు. దానిని చూచి మేము తిరిగి టైపు చేశాము. అచ్చు కాగితంలో ఆ వరుస సరిగ్గా మడతపై పడి, అండర్‌స్కోరు చెరిగిపోయింది. రెండు పదాల నడుమ ఖాళీ కనబడింది. ఫంక్షన్స్ ఫైలులోని వరుస మరొక పుటలో బాగానే ఉన్నందున అక్కడ సరిగా వ్రాశాము. హెడర్ ఫైలు వద్ద మాత్రం ఖాళీని చూచి, అక్కడ హైఫను ఉండియుండునని తలచి వేశాము. తలచితిమే గాని పోల్చి చూడలేదు.

అంతకన్న పెద్ద పొరపాటు మరొకటి ఉంది. పని ముగించిన పిమ్మట నిర్వహణ తెరను తెరచి చూచాము. సూచిక ఉన్నది, ఆరు అంశాలున్నాయి, స్థానం ఎదుట టిక్కు ఉన్నది. అంతా సవ్యమే అనుకొని ఇంటికి వెళ్ళాము. నమోదైన పేరు సరైనదే గనుక ఆ తెరపై అంతా సరిగానే కనబడుతుంది. తప్పు ఉన్నది పిలిచే చోట. చదువరి చూచు పేజీని ఆ రోజు మేము ఒక్కసారైనా తెరచి చూడలేదు. పంపును మరమ్మతు చేసి, ప్యానెలు మీద దీపం వెలిగిందని చూచి, నీరు పడుతున్నదో లేదో చూడకుండా వచ్చిన ఫిట్టరుకు మాకు భేదం లేదు.

ఇంత జరిగినా ఎక్కడా ఒక్క హెచ్చరిక రాలేదన్నది మమ్ము ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం. పిలిచిన పేరుతో ఏ సూచికా లేనప్పుడు ఆ ఆదేశం ఆగిపోదు, తెరపై తప్పును ప్రకటించదు. తనకు ముందుగా చెప్పియుంచిన ప్రత్యామ్నాయాన్ని చేపడుతుంది. మనం వేరుగా చెప్పకపోతే ఆ ప్రత్యామ్నాయం పాతకాలపు పద్ధతియే: ప్రచురించిన పేజీలన్నింటి జాబితా. దీనిని ఏర్పరచిన వారిని తప్పుపట్టలేము. సూచికను ఇంకా అమర్చుకొనని వారి వెబ్‌సైటు తలభాగం బోసిపోకుండా ఉండవలెనన్నది వారి సదుద్దేశం. వంటల గురించి వ్రాసుకొనువారికి అది మేలే చేస్తుంది. తేదీలు ప్రకటించు సంఘానికి మాత్రం కీడు చేసింది. మేము ఉద్దేశపూర్వకంగా తప్పించిన పేజీని అది సగౌరవంగా తెచ్చి నిలబెట్టింది.

రైలు పట్టాలపై ఇదే ప్రశ్నకు వేరొక సమాధానం ఉంది. 1872లో అమెరికాకు చెందిన విలియం రాబిన్సన్ పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూటును తీసుకొందాము. పట్టాల ద్వారా స్వల్ప విద్యుత్తు ప్రవహించి ఆవలి చివర ఒక రిలేను ఎత్తి పట్టుకొని ఉంటుంది. బండి వచ్చినప్పుడు చక్రాలు, ఇరుసు ఆ విద్యుత్తును దారి మళ్ళిస్తాయి. రిలే పడిపోతుంది, సిగ్నలు ఎర్రబడుతుంది. అందులోని గొప్పతనం బండి లేనప్పుడు తెలుస్తుంది. బ్యాటరీ నీరసించినా, తీగ తెగినా, పట్టా విరిగి ప్రవాహం ఆగినా రిలే పడిపోతుంది, ఎర్ర దీపమే వెలుగుతుంది. నిజం తెలియనప్పుడు ఆ ఏర్పాటు ఆగుమంటుంది. బండి ఆలస్యం కావచ్చును, ప్రయాణికులు విసుగుకొనవచ్చును గాని ఎవరికీ ప్రాణాపాయం ఉండదు. లేని పచ్చదీపాన్ని చూపుట సిగ్నలు శాఖవారి దృష్టిలో అన్నిటికన్న ఘోరమైన వైఫల్యం. మా సూచిక చేసినది అదే. తనకు దారి తెలియనప్పుడు పచ్చదీపం చూపింది.

మన కర్మాగారాలలోని పరికరాల విభాగంవారు కూడా ఈ సూక్ష్మాన్ని ఎప్పుడో గ్రహించారు. పీడనం, ఉష్ణోగ్రత మొదలైన వాటి కొలతలను 4 నుండి 20 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తుగా పంపే పద్ధతి మనందరికీ తెలిసినదే. కొలత సున్నా అయినప్పుడు 0 పంపవచ్చును కదా, 4 ఎందుకని కొత్తగా చేరిన ట్రైనీలు అడుగుతుంటారు. కొలత నిజంగా సున్నా అయితే 4 వస్తుంది, తీగ తెగితే 0 వస్తుంది. “ఏమీ లేదు” అనుటకు, “నాకు తెలియదు” అనుటకు భేదం చూపుటకే ఆ నాలుగు. ఈ భేదం లేని పరికరం చెడిపోయిననాడు కూడా బాగున్నట్లే నటిస్తుంది. దానిని నమ్మి పనిచేయువాడే తుదకు నష్టపోతాడు.

గనుక మేము చేసిన మరమ్మతు గీతను సరిదిద్దుటతో ముగియలేదు. ఇటువంటి వెబ్‌సైటును నడుపు మిత్రులకు ఉపయోగపడవచ్చునని, చేసిన పనులను వరుసగా తెలియజేస్తున్నాము.

థీము సొంత ఫైళ్ళలో మార్పులు చేయుట మానివేసి, చైల్డ్ థీము, అనగా పిల్ల థీమును ఏర్పరచాము. దాని శైలి ఫైలు మొదట్లో తల్లి థీము ఫోల్డరు పేరును పేర్కొంటే చాలును. పిల్ల థీములో హెడర్ ఫైలు ఉంటే తల్లి థీములోని దానికి బదులు అదియే వాడబడుతుంది. ఫంక్షన్స్ ఫైలు విషయం అట్లు కాదు. పిల్లది ముందు, తల్లిది పిమ్మట, రెండూ చదువబడతాయి. కనుక తల్లి ఫైలును యథాతథంగా నకలు చేయక, మన వరుసలను మాత్రమే వ్రాయవలెను. ఇక తల్లి థీముకు ఎన్ని కొత్త సంచికలు వచ్చినా మన వ్రాతకు భంగం ఉండదు. ఏ స్థానానికి ఏ సూచిక అన్న వివరం థీము వారీగా భద్రపడుతుంది గనుక, పిల్ల థీముకు మారిన వెంటనే నిర్వహణ తెరలో టిక్కును మరల సరిచూడవలెను.

స్థానం పేరును చేతితో రెండుమార్లు టైపు చేయక, నమోదు చేసిన చోటి నుండి నకలు చేసి పిలిచే చోట అతికించాము.

ప్రత్యామ్నాయంగా పేజీల జాబితాను చూపవద్దని ఆదేశంలోనే స్పష్టం చేశాము. “ఫాల్‌బ్యాక్” అను అంశానికి “ఫాల్స్” అని వ్రాస్తే అది సాధ్యం. దానితో తలభాగం ఖాళీగా ఉంటుంది. ఖాళీ కూడా చదువరికి ఏమీ చెప్పదు గనుక, స్థానానికి సూచిక జతపడి ఉన్నదో లేదో “హ్యాజ్ నావ్ మెనూ” అను ఆదేశంతో ముందే పరీక్షించి, లేకపోతే ఒక వాక్యం కనబడునట్లు చేశాము: “సూచిక పనిచేయుటలేదు. వివరాలకు కార్యదర్శికి ఫోను చేయగలరు.” తెలుగులోను, హిందీలోను ఎర్రని అక్షరాలలో ఉంచాము. అదియే మా ఎర్ర దీపం.

పాత ప్రకటనలను సూచిక నుండి తీసివేయుటతో సరిపెట్టక చిత్తుప్రతులుగా మార్చాము. చిత్తుప్రతి ప్రచురణలో ఉండదు గనుక సాధారణ చదువరికి కనబడదు. ఇకపై సంవత్సరం లేని తేదీని ప్రకటించరాదని కార్యవర్గం తీర్మానించింది. మా దృష్టిలో అన్నిటికన్న ముఖ్యమైన మరమ్మతు ఇదే. దీనికి కంప్యూటరు జ్ఞానం అవసరం లేదు.

2022 జనవరిలో వచ్చిన 5.9 సంచికతో వర్డ్‌ప్రెస్‌లో బ్లాకు థీములనే కొత్త తరహా వచ్చింది. వాటిలో సూచికను టెంప్లేటులోనే ఒక బ్లాకుగా ఉంచుతారు గనుక మేము పడిన తంటా ఈ రూపంలో ఎదురు కాదు. అయినను పాత తరహా థీములు ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయి, మా సంఘం వంటివారు వాడుతూనే ఉన్నారు. పద్ధతి మారినంత మాత్రాన ప్రశ్న మారదు. తనకు తెలియనప్పుడు యంత్రం ఆగవలెనా, సాగవలెనా? దానిని తయారుచేసినవాడు ఎవరికో ఒకరికి అనుకూలంగా ముందే నిర్ణయించి ఉంటాడు. అది మన అవసరానికి తగినదో కాదో విచారించుకొనుట మన బాధ్యత.

మరమ్మతు పూర్తయిన సాయంత్రం మేము ఆ గీతను కావాలనే ఒకసారి తప్పుగా వ్రాసి చూచాము. ఎర్ర అక్షరాలు వచ్చాయి. సరిగా వ్రాసి చూచాము. ఆరు అంశాలు మా వరుసలో మాకు కనబడ్డాయి. ఈసారి నిర్వహణ తెరపై కాక, కార్యదర్శి గారి ఫోనులోను, వారి అబ్బాయి ఫోనులోను చూచాము. నవంబరు 30లోగా కార్యదర్శి గారి ఫోనుల వలన పంతొమ్మిదవ తేదీని నమ్మి వచ్చి వెనుదిరిగిన మరి ఇరువురి సంగతి తెలిసింది. వారి ధ్రువపత్రాలు కూడా గడువులోగా చేరాయి.

కొద్ది రోజుల పిమ్మట ఆ వృద్ధురాలు బజారులో కనబడి, “బాబూ, ఆ కంప్యూటరుకి ఏమైందో తెలిసిందా?” అని అడిగారు. “కంప్యూటరుకి ఏమీ కాలేదమ్మా, నేనే ఒక గీత తప్పు గీశాను” అని చెప్పాము. “గీతే కదా నాయనా, దిద్దుకుంటే పోతుంది” అని కూరల సంచి అందుకొని వెళ్ళిపోయారు.

దిద్దుకొన్నాము. దిద్దిన తేదీని, కారణాన్ని, మార్చిన వరుసను సంఘం పుస్తకంలో నమోదు చేశాము. తేదీ పక్కన సంవత్సరం కూడా వ్రాశాము.

వచ్చే సంచికలో మరల మన యంత్రశాలకు వద్దాము. ఆగి ఉన్న మోటారులో తేమను పసిగట్టుటకు ఇన్సులేషను పరీక్షలను ఏ క్రమంలో చేయవలెనో చర్చిద్దాము. పాఠకులు తమ అనుభవాలను సంపాదకులకు వ్రాసి పంపవలెనని కోరుతున్నాము. తప్పు తమదేనని తేలిన అనుభవాలకు ఈ శీర్షికలో మొదటి స్థానం ఇస్తాము.